‘పసిబిడ్డకేమి తెలియును?’ అను మాటను గూర్చి



మన తోటల లైనులలోను, మన స్వగ్రామములలోను తరచుగా వినబడు మాట యొకటి గలదు. ఇంటి కోడలికి దుబాయిలో పని కుదిరి వీసా వచ్చినప్పుడు, ఆమె చంకనున్న చంటిబిడ్డను జూచి పెద్దలు, “వానికేమి తెలియును? నెలల గుడ్డు. డబ్బాపాలు పోసినయెడల పెరుగును. రెండేండ్లకు తల్లి తిరిగి వచ్చును, అంతవరకు అవ్వయొద్ద నుండును” అని చెప్పుదురు. ఏడ్చుచున్న తల్లిని ఓదార్చుటకై పలికిన మాట గనుక అందులో దయ లేకపోలేదు. అయినను ఆ మాట నిజము కాదు. పసిబిడ్డకు చాల తెలియును. ఎవరు తనవారో, ఎవరు పిలిచిన పలుకుదురో, ఎవరు పలుకరో పెద్దలము మనమెరిగినదానికంటె ముందుగానే వాడు ఎరుగును. తెలియదనుకొని మనము చేయు యేర్పాటులు వేరు, తెలియునని యెరిగి చేయు యేర్పాటులు వేరు. ఈ భేదమును గూర్చియే యిచ్చట వ్రాయుచున్నాము.

మనవారు దుబాయి అనునది నిజమునకు ఒక పట్టణము మాత్రమే. దుబాయి, అబూదాబి, షార్జా మొదలగు 7 సంస్థానములు 1971, 1972 సంవత్సరములలో ఏకమై యేర్పడిన దేశమునకు ఐక్య అరబ్బు ఎమిరేటులని పేరు. ఆ దేశములో నివసించువారిలో పదింట తొమ్మిదిమందికి కొంచెమించుమించుగా పరదేశులే. కరీంనగరు, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల పురుషులు అచ్చట కట్టడపు పనులలోను, తోటపనిలోను, వాహనములు నడుపుటలోను ఉన్నారు. కోనసీమ, కడప, రాయచోటి ప్రాంతముల స్త్రీలు ఇంటిపనికిని, బిడ్డలను పెంచుటకును గల్ఫు దేశములకు పోవుచున్నారు. కూలివాడు భార్యాబిడ్డలను వెంట దీసికొనిపోవుట అచ్చట సులభము కాదు. 2019వ సంవత్సరపు నియమము ప్రకారము కుటుంబమును పిలిపించుకొనదలచినవానికి నెలకు 4,000 దిర్హముల జీతమైనను, 3,000 దిర్హముల జీతమును వసతియునైనను ఉండవలెను. దుబాయిలోని సోనాపురపు కొట్టములలో ఆరేడుగురు ఒక గదిలో పండుకొనువారికి ఆ జీతము ఎక్కడిది? కావున తండ్రి అక్కడను, బిడ్డ ఇక్కడను. తల్లియే పోయినయెడల బిడ్డకు తల్లిదండ్రులలో ఎవరును దగ్గర నుండరు.

ఇందులో ఒక విచిత్రమున్నది. తన బిడ్డను అవ్వకు అప్పగించి పోయిన స్త్రీ అచ్చట మరియొక తల్లి బిడ్డను ఎత్తుకొని తిరుగుచుండును. ఆ బిడ్డకు స్నానము చేయించుట, అన్నము తినిపించుట, జోకొట్టుట ఆమె పని. తెలుగు జోలపాటలు విని నిదురించిన అరబ్బు బిడ్డలు ఆ పట్టణములలో పలువురు ఉందురు. ఆ పాట యేబిడ్డకై నేర్చుకొనబడెనో ఆ బిడ్డ మాత్రము దానిని వినుటలేదు.

ఇక బిడ్డకేమి తెలియునో చూతము. తల్లి కడుపులో నున్నప్పుడే శిశువు ఆమె కంఠమును వినుచున్నాడు. 1980లో అమెరికాలో డికాస్పరు, ఫైఫరు అను ఇద్దరు పండితులు, పుట్టి 3 దినములైనను నిండని శిశువుల నోట చీకుడు తిత్తి నుంచి, ఒక విధముగా చీకినయెడల తల్లి కంఠమును, మరియొక విధముగా చీకినయెడల అన్యస్త్రీ కంఠమును వినబడునట్లు ఏర్పాటు చేసిరి. శిశువులు తల్లి కంఠము వినబడునట్లే చీకిరి. 1975లో ఇంగ్లండులో మెక్‌ఫార్లేను అను నతడు పాలిచ్చు తల్లుల రొమ్మున నుంచిన గుడ్డలను శిశువుల ముఖమునకు ఇరుప్రక్కల వ్రేలాడదీసి చూడగా, సుమారు వారము దినముల బిడ్డలు తమ తల్లి గుడ్డవైపునకే ఎక్కువగా తల త్రిప్పిరి. పుట్టిన బిడ్డ దూరపు వస్తువులను స్పష్టముగా చూడలేడు, జానెడు మూరెడు దూరమున నున్నదానిని మాత్రము చూడగలడు. ఒడిలో పాలు త్రాగుచున్న బిడ్డకు తల్లి ముఖము సరిగా అంత దూరముననే యుండును. ఆరు, ఎనిమిది వారములకు బిడ్డ మనుష్యుని ముఖము చూచి నవ్వును. ఆ నవ్వునకు మనము నవ్వుదుము, వాడు మరల నవ్వును, కాళ్లు తన్నును, ‘ఊ’ అనును, మనమును ‘ఊ’ అందుము. దీనిని మనవారు ‘ఊ కొట్టుట’ అందురు. పనిలేని ఆటవలె కనబడు ఈ ఊకొట్టుటలోనే బిడ్డకును పెంచువారికిని ముడి పడుచున్నది.

ఇది ఎంత బలమైన ముడియో ట్రానిక్కు అను అమెరికా పండితుడు చూపించెను. 1978లో అచ్చుపడిన ఆయన పరీక్షలో తల్లి కొంతసేపు బిడ్డతో ఆడుకొనును. పిమ్మట ఆయన చెప్పినట్లు రెండు మూడు నిమిషములు ముఖము కదపక, నవ్వక, పలుకక ఊరకే బిడ్డవైపు చూచుచుండును. తల్లి ఎదుటనే యున్నది, ఎక్కడికిని పోలేదు, కొట్టలేదు, తిట్టలేదు. అయినను బిడ్డ మొదట నవ్వి ఆమెను పిలుచును. ఆమె పలుకకపోగా చేతులు చాచును, కేక పెట్టును. అప్పటికిని ఫలము లేకపోయిన ముఖము ప్రక్కకు త్రిప్పుకొని దిగులుపడును. కొద్ది నెలల బిడ్డ సంగతి యిది. ఏమియు తెలియనివాడైతే ఎందుకు దిగులుపడవలెను?

దీనిని చదివి, కొండ దిగివచ్చి అలసిన తల్లి, ‘నేను పనినుండి వచ్చి బిడ్డ ముఖము చూచుటకైనను ఓపిక లేక కూర్చుండుచున్నాను, నా బిడ్డ చెడిపోవునేమో’ అని భయపడనక్కర లేదు. ఆ పండితుడే మరియొక సంగతి చెప్పెను. మిక్కిలి మంచి తల్లికిని బిడ్డకును నడుమ కూడ చూపులు, నవ్వులు చక్కగా కలియు సమయము సగముకంటె చాల తక్కువయట. బిడ్డ పిలిచినప్పుడు తల్లి వేరొకవైపు చూచును, తల్లి ఆడించినప్పుడు బిడ్డకు నిద్ర వచ్చును. తప్పిపోయిన పిలుపు మరల కలియుటయే ముఖ్యము. పిలిచి పిలిచి విసిగినప్పటికి ఒకరు పలుకుదురను నమ్మిక బిడ్డకు కుదిరిన చాలును.

పాలు పోసినవారినే బిడ్డ తనవారనుకొనునని పూర్వము పండితులును తలంచిరి. 1958లో అమెరికాలో హార్లో అనునతడు తల్లిలేని కోతిపిల్లలకు రెండు బొమ్మలను చేసి యిచ్చెను. ఒకటి ఇనుపతీగది, దానికి పాలబుడ్డి యుండెను. మరియొకటి మెత్తని గుడ్డ చుట్టినది, దానికి పాలు లేవు. పిల్లలు ఆకలియైనప్పుడు తీగబొమ్మ యొద్ద పాలు త్రాగి, మిగిలిన కాలమంతయు గుడ్డబొమ్మనే కరచుకొని యుండెను. భయపడినప్పుడు దానియొద్దకే పరుగెత్తెను. (ఆ కోతిపిల్లలపట్ల ఆయన చేసిన పని క్రూరమైనదే యని మా అభిప్రాయము, అయినను చూపిన సంగతి సత్యము.) 1964లో స్కాట్లండులోని గ్లాస్గో పట్టణమున 60 మంది బిడ్డలను కనిపెట్టి చూచిన షాఫరు, ఎమర్సను అనువారు, బిడ్డ ఎక్కువగా అంటిపెట్టుకొనువారు తినిపించువారే కానక్కరలేదనియు, తన పిలుపునకు పలికి తనతో ఆడుకొనువారనియు, ఏడాదిన్నర నిండునప్పటికి పలువురు బిడ్డలకు అట్టివారు ఒకరికంటె ఎక్కువమంది యుందురనియు చెప్పిరి. 1954, 1955 సంవత్సరములలో ఆఫ్రికాలోని ఉగాండా పల్లెలలో 26 కుటుంబములను చూచి వ్రాసిన మేరీ ఐన్‌స్వర్తు అను విదుషీమణియు, తల్లితోపాటు అవ్వ, అత్త, అక్క ఎత్తుకొని పెంచు ఇండ్లనే చూచెను. మన ఇండ్లు అట్టివే గదా.

అందుచేత అవ్వలారా, మీ ఒడి తక్కువైనది కాదు. డబ్బాపాలు పోసినను, బిడ్డ పిలిచినప్పుడెల్ల పలికిన అవ్వ బిడ్డకు నిజముగా ఆధారమైనది. తల్లిని విడిచిన బిడ్డ తప్పక చెడిపోవునని చెప్పి, పొట్టకూటికై సముద్రము దాటిన తల్లిని నిందించువారితో మేము ఏకీభవింపము. అట్టి నింద మన ఊళ్లలో చాలినంత యున్నది. మగవాడు పోయినయెడల కష్టజీవి యనియు, ఆడది పోయినయెడల మనసు రాతిదనియు అనువారిని మేమెరుగుదుము. పోయినవారు ఎవరు అను ప్రశ్నకంటె, ఎప్పుడు పోయిరి, బిడ్డను ఎవరిచేతిలో ఎట్లు పెట్టిపోయిరి అను ప్రశ్నయే పెద్దది.

ఎప్పుడు అనుదానిని గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. మొదటి నెలలలో బిడ్డ ఎవరు ఎత్తుకొనినను చాలవరకు ఊరకుండును. ఆరేడు నెలలకు కొత్తవారిని చూచి బెదరుట, తనవారు లేచిపోయినయెడల ఏడ్చుట మొదలుపెట్టును. ‘వీనికి కొత్త చేసినది’ అని మనమందుము. అది మొండితనము కాదు. ముడి గట్టిపడినదనుటకు గురుతు. అప్పటినుండి రెండు మూడు సంవత్సరముల వరకు బిడ్డకు ‘అమ్మ తిరిగి వచ్చును’ అను మాట అర్థము కాదు, రేపు అనునది తెలియదు. ఆ కాలమున హఠాత్తుగా పోయిన మనిషి వానికి లేని మనిషియే. కాని మన యేజెంటులు చేయునదేమి? వీసా వచ్చిన దినముననే రమ్మని తొందరపెట్టుదురు. ఇంటివారు బిడ్డ ఏడ్చునని, వాడు నిద్రించుచుండగా అర్ధరాత్రి తల్లిని బస్సెక్కించుదురు. ఉదయమున లేచిన బిడ్డ వాకిలి, గది, మూల అంతయు వెదకును.

పిమ్మట జరుగుదానిని ఇంగ్లండులో రాబర్ట్‌సను అనునతడు కనిపెట్టి చెప్పెను. ఆ దినములలో ఆ దేశపు ఆసుపత్రులలో రోగియైన బిడ్డయొద్ద తల్లిని ఉండనియ్యకుండిరి. ఆయన 1952లో రెండేండ్ల బాలిక ఒకతె 8 దినములు ఆసుపత్రిలో గడపిన విధమును చలనచిత్రముగా తీసి వైద్యులకు చూపెను. తల్లిని విడిచిన బిడ్డలు మొదట గట్టిగా ఏడ్తురు, వెదకుదురు. తరువాత ఏడ్పు తగ్గి మూలకు చేరి దిగులుగా నుందురు. కొంతకాలమైన పిమ్మట ఎవరు పిలిచినను పోవుదురు, ఇచ్చినది తిందురు, నవ్వుదురు. తల్లి వచ్చినప్పుడు ముఖము త్రిప్పుకొందురు. ఈ మూడవ స్థితిని చూచియే మనము, “చూచితిరా, అలవాటు పడినాడు, అమ్మను మరచినాడు” అని సంతోషించుచున్నాము. అది మరచుట కాదు. పిలిచి పలుకనివారిని పిలుచుట మానుకొనుట. ఏడ్చు బిడ్డకంటె ఏడ్పు మానిన బిడ్డను గూర్చియే ఎక్కువ జాగ్రత్తపడవలెనని మా మనవి. ఆ సమయమున వానిని ఒక ఇంటినుండి మరియొక ఇంటికి, అమ్మమ్మనుండి నాయనమ్మకు, అక్కడినుండి పిన్నమ్మకు త్రిప్పుట మిక్కిలి చెరుపు. దుబాయినుండి వచ్చు సొమ్ము ఎవరి చేతికి అందవలెనను తగవువలన బిడ్డలు చేతులు మారుట కొన్ని ఇండ్లలో కలదు. సొమ్ము పంచుకొనుడు, బిడ్డను పంచుకొనకుడు.

మంచి జీతములుగల తెలుగు దంపతులకు దుబాయిలో ఈ చిక్కు మరియొక రూపమున కలదు. అచ్చటి 2021వ సంవత్సరపు కార్మిక చట్టము ప్రకారము కంపెనీలలో పనిచేయు స్త్రీకి ప్రసవమునకు 60 దినముల సెలవు కలదు. అందు 45 దినములకు పూర్తి జీతము, 15 దినములకు సగము. పనిలో చేరిన పిమ్మట ప్రసవమునుండి 6 నెలలవరకు పాలిచ్చుటకు దినమునకు ఒక గంట విరామము. 60 దినములనగా బిడ్డ నవ్వ నేర్చు సమయమునకు తల్లి కచ్చేరికి పోవలసియుండును. అప్పుడు ఊరినుండి అవ్వను సందర్శన వీసామీద పిలిపింతురు. వీసా గడువు తీరగానే ఆమె పోవును, రెండవ అవ్వ వచ్చును. ఇండ్లలో పనిచేయు స్త్రీలు ఈ చట్టములోనివారు కారు. వారికి 2022లో వేరు చట్టము చేసిరి. దాని ప్రకారము వారమునకు ఒక దినము విశ్రాంతి, సంవత్సరమునకు 30 దినముల జీతపు సెలవు, పాస్‌పోర్టును యజమాని దాచుకొనరాదను నిబంధన కలవు. పోవు ప్రతి స్త్రీయు ఈ హక్కులను కంఠస్థము చేసికొని పోవలెను. ఏలయనగా వారపు విశ్రాంతియనగా ఇంటివారితో నెమ్మదిగా మాటలాడు దినము, సంవత్సరపు సెలవనగా బిడ్డను చూచు దినములు. ‘ఇంట పని ఎక్కువ, వచ్చే యేడు పొమ్మ’ని యజమానురాలు చెప్పుటకు ఆ 30 దినములు ఆమె దానము కావు.

అచ్చటి బిడ్డను గూర్చియు ఒక మాట. మన స్త్రీ పెంచిన అరబ్బు బిడ్డ ఆమె పిలుపునకే పలుకును. ఒప్పందము ముగిసినప్పుడో, కోపము వచ్చినప్పుడో, ఒక్క రాత్రిలో ఆమెను విమానమెక్కించినయెడల ఆ బిడ్డ పడు దిగులు మన పల్లెలో బిడ్డ పడిన దిగులే. దీనిని ఆ దేశస్థులు గ్రహింపలేనివారు కారు. పాలిచ్చిన దాదిని తల్లిగాను, ఆమె బిడ్డలను తోబుట్టువులుగాను ఎంచి, వారితో వివాహమును కూడ నిషేధించు ధర్మము వారిది. వారి ప్రవక్త పసితనమున హలీమా అను దాది యొద్ద పెరిగినట్లు వారిలో బాలురకును తెలియును. చమురు దొరకకమునుపు ఆ తీరమందలి పురుషులు ప్రతి వేసవిలో నాలుగు నెలలు ముత్యముల వేటకు సముద్రము మీద నుండగా, ఒంటరిగా బిడ్డలను పెంచిన అవ్వల మనుమలే నేటి యజమానులు. కావున మన స్త్రీలు పనినుండి వచ్చునప్పుడు, కొన్ని దినములు ముందుగా చెప్పి, కొత్త ఆయాను పక్కన నుంచి, బిడ్డతో చెప్పి రాదలచుచున్నామని యజమానురాలిని అడుగుటకు వెనుదీయవలదు. తల్లియైనది ఆ మాటను వినును.

చట్టముచేత తల్లులను ఆపవలెనని కొందరందురు. శ్రీలంకలో 2013లో 5 సంవత్సరములలోపు బిడ్డలుగల తల్లులు విదేశములకు ఇంటిపనికి పోరాదని కట్టడి చేసిరి. మనవంటి తేయాకు తోటల కుటుంబములకును అది తగిలెను. 2022లో ఆ దేశము ధనసంకటమున బడగా ఆ వయస్సును 2 సంవత్సరములకు తగ్గించిరి. ఇండియా ప్రభుత్వము, పదవ తరగతి ప్యాసుకాక తనిఖీ ముద్ర పాస్‌పోర్టు పొందిన స్త్రీలు 30 సంవత్సరములు నిండనిదే గల్ఫు దేశములకు పనికి పోరాదని నియమించెను. నియమము మంచిదే కావచ్చును. కాని ఆకలి నియమము చదువదు. ద్వారము మూసిన, యేజెంటులు సందర్శన వీసామీద దొడ్డిదారిన పంపుదురు. అట్లు పోయినది పై చెప్పిన హక్కులలో ఒక్కదానినైనను అడుగలేదు. మా తలంపు వేరు. తోటలలో 50 మందికి తక్కువకాని స్త్రీలు పనిచేయుచోట బిడ్డలకు గది కట్టి, ఆయాను పెట్టవలెనని 1951వ సంవత్సరపు తోట కార్మికుల చట్టము విధించెను. తల్లి పనిలో నున్నను బిడ్డకు ఒక మనిషి కావలెనను సంగతిని ప్రభుత్వము ఆనాడే ఒప్పుకొన్నది. తల్లులు పెద్ద సంఖ్యలో విదేశములకు పోవు గ్రామములలో అవ్వలకు తోడుగా అట్టి గది, అట్టి మనిషి యేల ఉండరాదు? అంగన్‌వాడీలు ఎటులను ఉన్నవి. మూడేండ్లలోపు బిడ్డను ఎత్తుకొని పలుకరించుటకు వానిలో చోటును, చేతులును పెంచుమని అడుగుట మన హక్కు.

ప్రభుత్వము చేయువరకు ఇల్లు చేయగలిగినదియు కలదు. బిడ్డకు ఏడాదియైనను నిండనిచ్చి, కూడినయెడల రెండేండ్లు నిండనిచ్చి పొండు. అప్పులవాడు ఆగడందురు, యేజెంటుకు ఇచ్చుటకై అప్పు చేయకమునుపే ఈ లెక్క చూచుకొనవలెను. పోవుట నిశ్చయమైనయెడల, రెండు మూడు నెలలు ముందుగా అవ్వ ఆ ఇంటనే యుండి, తల్లి యెదుటనే బిడ్డకు స్నానము, అన్నము, నిద్ర తన చేతిమీదుగా జరుపవలెను. తల్లి వాడిన చీర నొకదానిని ఉతుకక బిడ్డ పక్కలో వేయుడు. బిడ్డ నిద్రించుచుండగా దొంగవలె పోక, మేలుకొనియున్నప్పుడు ముద్దుపెట్టుకొని పొండు. ఏడ్చినను ఏడ్వనిండు, ఎత్తుకొనుటకు అవ్వ యున్నది గదా. పిమ్మట ఫోనున్నది. అచ్చట బోటిం మొదలగు అనుమతిగల సాధనములచేత ముఖము చూచుచు మాటలాడవచ్చును. అయితే నెలల బిడ్డకు అద్దములోని ముఖము వాసన లేనిది, ఎత్తుకొననిది. కావున బిడ్డ చేతికి ఫోనిచ్చి విడువక, అవ్వ ఒడిలో కూర్చుండబెట్టుకొని, “అదిగో అమ్మ నవ్వుచున్నది, నీవును నవ్వుము” అని నడుమనుండి రెండు వైపులను కలుపవలెను. ప్రతిదినము ఒకే వేళకు అయిదు నిమిషములు, ఆదివారమున ఒక్క గంటకంటె మేలు. అమ్మ పాడు పాట ఒకటి ఆమె గొంతుతోనే పట్టియుంచి నిద్రవేళ వినిపింపుడు.

ఇక తిరిగివచ్చు తల్లికిని, సెలవుపై వచ్చు తండ్రికిని. బొమ్మలు, ఖర్జూరములు నిండిన పెట్టెతో మీరు వాకిట నిలువగా బిడ్డ పరుగెత్తి వచ్చునని మార్గమంతయు తలంచుకొని వత్తురు. వాడు అవ్వ కొంగు చాటున దాగును. కొందరు సిగ్గుచేతను కోపముచేతను బిడ్డను అవ్వ చేతినుండి లాగికొందురు, కొందరు ‘నేనెవరినిరా’ అని పదిమందిలో పరీక్షింతురు. అట్లు చేయవలదు. సెలవు 30 దినములే యైనను మొదటి నాలుగైదు దినములు బిడ్డకు విడువుడు. అవ్వను ఆ గదినుండి పంపివేయక, ఆమె ప్రక్కనే నేలమీద కూర్చుండి, బిడ్డవైపు చూచియు చూడనట్లు గోళీలనో గిన్నెలనో పేర్చుచుండుడు. వాడు మొదట చూచును, తరువాత ఒక గిన్నెను తన్నును. మీరు దానిని మరల నిలువబెట్టుడు. వాడు మరల తన్నును.